టైమ్‌కీపర్ సార్ చెప్పిన అమెరికా జడ్జీల కథ

మా టైమ్‌కీపర్ సార్ పోయారని పోయిన శుక్రవారం రాజమండ్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. "నాన్నగారి డైరీలో మీ పేరు పక్కన 'వెల్డర్' అని రాసుందండీ. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా మీకు చెప్పాలనిపించింది," అంది.

ఆ ఒక్క మాట అక్కడ ఎందుకుందో చెప్పాలంటే 2004 ఎండాకాలం దగ్గరికి వెళ్లాలి.

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో మాది ఇనుప మెట్లు, చట్రాలు తయారుచేసే వర్క్‌షాపు. సార్ అక్కడ హాజరు రాసేవారు. లా చదివి, కోర్టులో రెండేళ్లు తిరిగి, మానేసి వచ్చిన మనిషి. "నాకు గొంతు పెంచడం రాదయ్యా, అందుకే గల్ఫ్‌కు వచ్చాను," అనేవారు. మా అందరికీ కంపెనీ నంబర్లుండేవి. ఆయన మాత్రం ఇంటిపేరుతో సహా పిలిచి టిక్కు పెట్టేవారు. ఆలస్యమైతే ఎంత బతిమాలినా టైము మార్చి రాయరు. కానీ అలా వచ్చినవాడికి తన ఫ్లాస్కులోంచి పాలు లేని సులేమానీ చాయ్ పోసిచ్చేవారు.

ఆ ఎండాకాలం మా పాత మేనేజరు కాంట్రాక్టు ముగిసింది. వెళ్లేముందు రెండు రోజుల్లో ఆరుగురు హెల్పర్లను వెల్డర్లుగా మారుస్తూ కాగితాల మీద సంతకాలు పెట్టాడు, ముద్రలు కూడా వేయించాడు. ఆ ఆరుగురిలో నేనొకణ్ని. పంచేలోపే ఆయన విమానమెక్కేశాడు. కొత్త ముదీర్, అంటే మేనేజరు, వచ్చి, సొరుగులో ఆ కాగితాలు చూసి, "పురానా ఆద్మీ, పురానా పేపర్. ఖలాస్," అని సొరుగు మూసేశాడు.

సాయంత్రం కంపెనీ బస్సులో గోల గోల. మా ఆరుగురిలో పెద్దవాడు మల్లేశన్న లేచి నిలబడి, "రేపటి సంది ఎవ్వరం డ్యూటీకి పోవద్దు. ఏమైతదో సూద్దాం," అన్నాడు.

ముందు సీట్లోంచి సార్ వెనక్కి తిరిగారు. "కూర్చో మల్లేశం. అచ్చంగా ఇలాంటిదే అమెరికాలో జరిగింది, రెండొందల ఏళ్ల కిందట."

అప్పుడు చెప్పారు. వాళ్ల రెండో అధ్యక్షుడు ఎన్నికల్లో ఓడిపోయాడట. దిగిపోయే ముందు తన వైపు వాళ్లను వరసపెట్టి జడ్జీలుగా వేసేశాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి, ముద్రలు పడ్డాయి. ఆఖర్న కొన్ని పంచకుండానే మిగిలిపోయాయి. కొత్త అధ్యక్షుడు వచ్చి, వాటిని ఇవ్వొద్దన్నాడు. అందులో ఒకాయన పెద్ద కోర్టుకెళ్లాడు.

"విచిత్రం ఏమిటంటే," అని సార్ నవ్వారు, "ఆ కాగితాలు పంచాల్సిన పాత మంత్రే అప్పటికి పెద్ద జడ్జి అయి కూర్చున్నాడు. ఆయన్నీ వేసింది ఆ పాత అధ్యక్షుడే!"

బస్సంతా నవ్వింది. "ఏమన్నడు సార్ మరి?" అన్నాడు మల్లేశన్న.

"సంతకం, ముద్ర పడ్డాక ఉద్యోగం అతనిదే, ఇవ్వకపోవడం తప్పు అన్నాడు."

"అయితే ఇచ్చిండ్రా?"

"ఇవ్వలేదయ్యా. ఇమ్మని నేరుగా ఆజ్ఞాపించే అధికారం రాజ్యాంగం మా కోర్టుకివ్వలేదు, ఆ అధికారం ఇచ్చిన చట్టమే చెల్లదు పొమ్మన్నాడు. చట్టాన్ని కొట్టేసే బలం కోర్టుకొచ్చింది. ఈయనకు ఉద్యోగం మాత్రం రాలేదు."

"గిదేం ఇన్సాఫ్ సార్! ఇంకోతీరు చెప్పరాదుర్రి."

"కథ చివర మార్చి చెబితే అది మోసం, మల్లేశం." మళ్లీ అన్నారు, "ఇంకోటి. దిగిపోయేవాడు హడావుడిగా చేసిన సంతకాలను కొత్తవాడు అనుమానించడంలో తప్పు లేదు. ఆ అనుమానం తీరిస్తే సరి."

మర్నాడు ఆయన టై కట్టుకొచ్చారు. ఆఫీసులో ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడే కట్టే గోధుమరంగు టై. లోపల ముదీర్‌తో ఏం మాట్లాడారో కానీ, బయటికొచ్చి, "అందరికీ టెస్టు పెడతారు. నెగ్గినవాళ్లకు ఆ కాగితమే, ఆ తేదీతోనే ఇస్తారు," అన్నారు.

ప్లేట్లు అతికి ఇచ్చాం. వాటిని కోసి, వంచి చూశారు. ఐదుగురివి నిలిచాయి. నాది పగిలింది.

ఐదు కాగితాలు పంచి, నాది మాత్రం ముదీర్ అక్కడే చింపేశాడు. నేను సార్ మీద మండిపడ్డాను. "టెస్టు పెట్టుమని మిమ్ములను ఎవలు అడిగిండ్రు సార్? సంతకం ఉండె, ముద్ర ఉండె. నా నోటికాడి కూడు మీరే తీసిండ్రు," అన్నాను.

ఆయన తల దించుకోలేదు, కసురుకోలేదు. "నీ కాగితం పోవడానికి కారణం నేనే. కాదనను. కానీ నువ్వు అతికిన మెట్ల మీద రేపు మనుషులెక్కుతారయ్యా," అన్నారు.

పది రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన రోజూ నా పేరు పిలిచి టిక్కు పెడుతూనే ఉన్నారు. పదకొండో రోజు డ్యూటీ అయ్యాక నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ మల్లేశన్న వెల్డింగు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన స్క్రాపు ప్లేటు ముక్కల కుప్ప. ముదీర్ దగ్గర అనుమతి కూడా సారే తెచ్చారు.

"చెయ్యి గుంజకు తమ్మీ, నిమ్మలంగ పోనీ," అని మల్లేశన్న నేర్పేవాడు. సార్‌కు వెల్డింగు తెలియదు. అయినా తర్వాతి బస్సు వచ్చేదాకా స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను అతికిన ప్రతి ముక్క మీదా చాక్‌పీసుతో తేదీ వేసి, వరసగా గోడకు ఆనించేవారు. నెల గడిచేసరికి మొదటి ముక్కకూ చివరి ముక్కకూ తేడా నాకే కనపడింది. ఆ వరస చూశాక ఆయన మీద నాకు కోపం మిగల్లేదు.

రెండు నెలలకు మళ్లీ టెస్టు. ప్లేటు ఎంత వంచినా అతుకు విడలేదు. ముదీర్ కొత్త కాగితం మీద సంతకం పెట్టగానే సార్ దాన్ని అడిగి తీసుకుని, ఎండలో షెడ్లన్నీ దాటుకుని నేను పనిచేసే చోటికే వచ్చారు. "తీసుకోవయ్యా. ఇది సొరుగులో ఒక్క పూట కూడా ఉండకూడదనే వచ్చాను," అన్నారు. నేను ఆ చేతులు పట్టుకున్నాను. "చాయ్ తాగుదాం పద," అన్నారాయన.

ఇవాళ అదే వర్క్‌షాపులో నా కింద నలుగురు పని నేర్చుకుంటున్నారు. తొందరపడి ఎవరి కాగితం మీదా 'పాస్' అని రాయను.

రెండేళ్ల కిందట ఆయన పని మానేసి ఊరికి వెళ్లిపోయే వారం, మేం ఆరుగురం కలిసి ఆయన్ని అబుదాబి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాం. ఇన్నేళ్లలో ఒక్కసారీ నీళ్లలో కాలు పెట్టలేదట. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక్కో చేత్తో ఒక్కో బూటు పట్టుకుని దిగారు. అల వెనక్కి పోతున్నప్పుడల్లా పాదాల కింద ఇసుక జారుతోంది. పడిపోకుండా వేళ్లు బిగించి నిలబడి, బస్సుకు టైమవుతోందని మేం పిలుస్తుంటే, వెనక్కి తిరగకుండానే అంటున్నారు: "ఆగండయ్యా, ఇంకొక్క అల... ఇదిగో, ఇంకొక్కటి వచ్చాక వెళ్దాం."