ఎర్రరంగు తొట్టిలో బీట్‌రూట్ జ్యూస్

మా అమ్మ ఫోన్లో ఏదో వీడియో చూసి రోజూ పొద్దున్నే బీట్‌రూట్ జ్యూస్ తీయడం మొదలుపెట్టింది. చక్కెర వేయదు, వడకట్టదు. తాగితే మట్టి నమిలినట్టుండేది. "రక్తం పడ్తది, తాగుండ్రి" అని నాకూ నాన్నకూ చెరో గ్లాసు చేతిలో పెట్టేది.

నాన్న జంపఖానాల నూలుకు రంగులద్దుతాడు. వాకిట్లో ఎర్రరంగు తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అమ్మ వంటింట్లోకి తిరగ్గానే నా గ్లాసు అందులో వంపేసేదాన్ని. ఎరుపులో ఎరుపు, ఎవరికి తెలుస్తుంది?

నాలుగో రోజు నాన్న నూలు పిండుతూ ఆగాడు. దారానికి అంటిన పిప్పిని గోటితో గీకి వాసన చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మెల్లగా వెళ్లి తన గ్లాసు కూడా తెచ్చి, అదే తొట్టిలో వంపి, కర్రతో కలిపాడు.

వారం హాయిగా గడిచింది. అప్పుడు దండెం మీద ఆరేసిన నూలును అమ్మ దగ్గరగా చూసింది. మర్నాడు మా ఇద్దరికీ కాకరకాయ జ్యూస్ ఇచ్చింది.

నేను ఆశగా నాన్న వైపు చూశాను. ఆయన తన గ్లాసులోకే చూస్తూ అన్నాడు: "పచ్చరంగు ఆర్డర్ లేదు బిడ్డా. తాగుడే."