టీము మారినవాడు

నమాజు వేళ కాగానే సౌదీలోని దమ్మామ్ బస్టాండు పక్కనున్న హోటల్‌వాడు షట్టర్ కిందికి లాగేశాడు. లోపల చిక్కుకున్నది నలుగురం: నేను, నా ఎదుట జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన, పక్క బల్ల దగ్గర ఇద్దరు అమెరికన్లు. వాళ్ల ఫుట్‌బాల్‌లో అందరికన్నా గొప్పవాడెవరని ఇద్దరూ ఒకటే వాదన. మన సినిమా అభిమానులు నయం.

"ఏమంటున్రు సారూ?" అన్నాడు మేస్త్రీ.

"ఒకాయన మెచ్చినవాడు చివరిదాకా ఒకే టీములో ఆడాడట. రెండో ఆయన మెచ్చినవాడు వయసు మీదపడ్డాక టీము మారి, అక్కడా గెలిచాడట."

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. స్థానికులకు ఉద్యోగాల కోటా పెట్టిన నితాఖత్ మొదలైనప్పటి నుంచి, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, తన నివాస కార్డు ఇకామా రెన్యూ చేయడం లేదని, వేరే కంపెనీకి మారడానికి రిలీజూ ఇవ్వడం లేదని అంతకుముందే చెప్పుకొచ్చాడు. నా కథా అదే.

"గా టీము మారినాయినకు పాత కఫీల్ రిలీజ్ ఇచ్చిండా? జర అడుగు సారూ."

అడిగాను. రెండో అమెరికన్ నన్ను వింతగా చూశాడు. అగ్రిమెంట్ అయిపోయింది, నచ్చిన చోటికి వెళ్లాడు, ఇంకొకరు ఇచ్చేదేముంది అన్నాడు.

తెలుగులో చెప్పాను. మేస్త్రీ మూసిన షట్టర్ వైపు చూస్తూ అన్నాడు.

"మరింక లొల్లెందుకు సారూ? గాయినే గొప్పోడు."

ఆ ఆట నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు గొప్పని అడిగితే మాత్రం ఆ టీము మారినవాడి పేరే చెబుతాను.