యాకూబ్ చాచా మోసిన మిషన్

మొన్న కరీంనగర్‌లో గడ్డి కోసే మిషన్ కొందామని ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణదారు పెట్రోలు మిషన్ తాడు లాగి చూపించాడు. రెండోసారికి అంటుకుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు పొగ ముక్కుకు తగలగానే నస్పూర్ కాలనీ పార్కు కళ్ల ముందుకొచ్చింది. తడి గడ్డి మధ్య నిలబడి, వెనుక నుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడని మనిషి గుర్తొచ్చాడు. “బ్యాటరీదా సార్, పెట్రోలుదా?” అని దుకాణదారు అడిగాడు. ఒకప్పుడు నస్పూర్‌లో ఒక పెద్ద ఆఫీసు ఇదే ప్రశ్న వేసుకుని, జవాబు తెలిసిన ఒక్క మనిషిని మాత్రం అడగకుండా వదిలేసింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఆ మనిషి యాకూబ్ చాచా. బొగ్గుగని కాలనీలో కాంట్రాక్టు మాలి. పార్కు, ఆసుపత్రి ముందున్న పచ్చిక, క్వార్టర్ల వెనుక నాలా కట్ట అన్నీ ఆయన ఒక్కడి చేతి మీదే ఉండేవి. నేను అప్పుడు అక్కడ ఒక దినపత్రికకు విలేకరిని. రోజూ పొద్దున పార్కు పక్క నుంచే తిరిగేవాణ్ని. మిషన్ ముట్టుకోకముందు చాచా ఆ రోజు కోయాల్సిన మేరంతా ఉత్త కాళ్లతో నడిచేవాడు. దాగి ఉన్న రాయికి తిరిగే బ్లేడు తగిలితే ఆ రాయి ఎవరి కన్నైనా పోగొడుతుంది. “చెప్పులు కొనుక్కోరాదు చాచా?” అని ఒకసారి నవ్వాను. “కొనుక్కున్న బేటా. చెప్పులకేం తెలుస్తది? గడ్డిల రాయి కండ్లకు కనబడదు, కాళ్లకే కనబడ్తది” అన్నాడు. ఎక్కడికెళ్లినా ముందు ఆ చోటంతా ఒకసారి నడిచి చూడటం నాకు అలవాటైంది ఆయన వల్లే. నాకు జీతమిచ్చిన ఎడిటర్లెవరూ అది నేర్పలేదు.

పెట్రోలు మిషన్ ఏళ్ల తరబడి భుజానికి వేలాడి ఆయన చెవులు సగం తినేసింది. అందుకే మామూలు మాట కూడా అరిచినట్టు మాట్లాడేవాడు. గని ఆఫీసు కొత్త మిషన్లు కొనబోతోందని తెలిసి, ఒక మధ్యాహ్నం ఆయన అభిప్రాయం అడిగాను. జవాబు చెప్పకుండా మిషన్ తెచ్చి నా భుజానికి తగిలించాడు. “పట్టు. జర నడువు.” పది నిమిషాలకే చాలన్నాను. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీద ఒలికింది. ఆయన పకపకా నవ్వి, “ఇగ రాయి. పేపర్ సాబ్‌వి గద!” అన్నాడు.

వణికే చేత్తోనే ఆయన చెప్పింది రాసుకున్నాను. “ఆసుపత్రి కాడ, పార్కుల బ్యాటరీది కావాలె. పేషెంట్లు పండుకుంటరు, పొగ రాదు, నా చెవులకూ జర ఆరామ్. నాలా కట్టకు మాత్రం పెట్రోలుదే ఉండాలె, వానకాలం తుంగకు బ్యాటరీ తాళదు. బ్యాటరీలు రెండియ్యాలె, ఒకటి కోస్తుంటే ఇంకోటి ఛార్జింగ్ అయితది.” “అయిదు నిమిషాల ముచ్చట బేటా. అడిగేటోడు ఉండాలె” అన్నాడు. వంకర అక్షరాల ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

కొన్నాళ్లకు ఆఫీసు పండుగలా కార్యక్రమం పెట్టింది. రిబ్బను కట్ చేసి, ఇస్త్రీ చొక్కాల అధికారులు వంతులవారీగా బ్యాటరీ మిషన్ పట్టుకుని ఫోటోలు దిగారు. వచ్చిన మిషన్ ఒకటే, దానికి బ్యాటరీ ఒకటే. పాత పెట్రోలు మిషన్ అప్పటికే తుక్కు కింద వేలంలో పోయింది. చాచా జనం వెనుక నిలబడ్డాడు. మిషన్ ఆయన చేతికి ఒక్కరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం నేను ఆఫీసు ఇచ్చిన ప్రకటన ముందు పెట్టుకుని వార్త రాశాను. ‘మాలికి తప్పిన శ్రమ’ అన్న శీర్షిక కూడా నాదే. చాచా చెప్పిన పేజీ అప్పుడు నా జేబులోనే ఉంది. తెలియక రాశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

వానలు పడ్డాయి. నాలా కట్ట మీద తుంగ నడుము దాకా పెరిగింది. బ్యాటరీ అరగంటకే చచ్చిపోయేది. ఛార్జింగ్ పెట్టే గది తాళం గుమస్తా దగ్గర, గుమస్తా ఎక్కడుంటాడో దేవుడికే ఎరుక. మిగిలిందంతా చాచా వంగి కొడవలితో కోసేవాడు. ఒకరోజు ఆ గడ్డిలోంచి పాము ఒక క్వార్టర్ వాకిట్లోకి వచ్చింది. జనం గొడవ చేశారు. అధికారి చాచాను పిలిపించాడు. “సార్, బ్యాటరీ ఆగుతలేదు. పాతది కట్టకు ఉంచాల్సుండె” అని చాచా అంటే, అధికారి నా వార్త తీసి బల్ల మీద పెట్టాడట. “పని అల్కగైందని పేపర్ల వచ్చింది. నీకే ఎట్ల కష్టమైతుంది? నీకు ఒళ్లు వంగుతలేదు.” మరుసటి రోజు నుంచి రావొద్దని కాంట్రాక్టరు చెప్పేశాడు.

చాచా ఆ వార్త ముక్క పట్టుకుని నా గదికి వచ్చాడు.

“గిది నువ్వే రాసినవా?”

“నేనే చాచా.”

“నేను చెప్పినప్పుడు రాసుకున్నవ్ గద. మరి గది యాడ పోయింది?”

“మల్ల రాస్త” అన్నాను. ఆయన వార్త ముక్కను నా బల్ల మీద పెట్టి, దాని మీద వేలితో కొట్టాడు. “రాయి. గీసారి చెయ్యి వణికినంక రాయి.”

రాశాను. పత్రిక దాన్ని నాలుగు లైన్లకు కత్తిరించి లోపలి పేజీ అడుగున వేసింది. అధికారి పంపిన వివరణ మాత్రం అక్షరం పోకుండా అచ్చయింది. చాచాను తిరిగి పనిలోకి తీసుకోలేదు. మంచిర్యాలలో ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పోస్తూ బతికి, నిరుడు పోయాడు. వయసుతో కోపం తగ్గుతుందంటారు. ఆ అధికారి మీద కొంత తగ్గిందేమో కానీ, నా మీద నాకు తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

దుకాణదారు బ్యాటరీ మిషన్ ముందుకు జరిపాడు. “గిదే తీస్కోండి సార్. చప్పుడుండదు, కుర్సీల కూసొని మంచిగ పేపర్ సదువుకోవచ్చు.”

“కోసేది నేను కాదు. మా తోట చూసుకునే కొమురయ్య.”

“పైసలిచ్చేది మీరే గద సార్!”

“మోసేది ఆయన!” అన్నాను. నా గొంతు పెరిగిందని దుకాణంలో తలలు తిరిగాక తెలిసింది. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

మర్నాడు కొమురయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన రెండు మిషన్లూ ఒకదాని తర్వాత ఒకటి భుజానికి తగిలించుకుని దుకాణం ముందు అటూ ఇటూ నడిచాడు. బ్యాటరీ మిషన్ దించి, “గిది ఎంతసేపు ఆగుతది? ఇంకో బ్యాటరీ ఇస్తరా?” అని అడిగాడు.

దుకాణదారు ఆయన వైపు చూడకుండా, నా వైపు తిరిగి జవాబు మొదలుపెట్టాడు.

“నన్ను చూడకు” అన్నాను. “అడిగింది ఆయన. ఆయన మొఖం చూసి చెప్పు.”