పాడె మీది నవ్వు

ఉంగుటూరు తాతాజీ పెళ్ళిళ్ళకి వంట మేస్త్రి. పందిరి వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, నూనె డబ్బాకి ఫోను ఆనించి దయ్యాల సినిమాలు చూసేవాడు. పెద్ద హీరోలవి కాదు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు పాడుబడ్డ రైసుమిల్లుల్లో తీసి యూట్యూబులో పడేసినవి. దయ్యం చీర కింద హవాయి చెప్పులు కనపడేవి. కూడా ఉన్న వంటవాళ్ళు పడీపడీ నవ్వేవారు. తాతాజీ నవ్వేవాడు కాదు.

"పెద్ద సినిమా దయ్యం బంగళాలో ఉంటుందిరా. మనకేం భయం? ఇదైతే మన వీధిలో చెప్పులేసుకుని తిరుగుతోంది," అనేవాడు.

ఆ మాటలో నిజముంది. డబ్బున్నవాడు భయాన్ని కూడా అందంగా కట్టిస్తాడు. డబ్బు లేనివాడు నులక మంచం, చెమ్మ పట్టిన గోడ, మసిబారిన బల్బు చూపిస్తాడు. అలాంటి మంచం మీదే మనవాళ్ళెవరో పోయి ఉంటారు. వేరే భయపెట్టక్కర్లేదు.

తాడేపల్లిగూడెంలో పెళ్ళి వీడియోలు తీసే భానుప్రకాష్‌కీ ఇదే పిచ్చి. మూఢం వస్తే ముహూర్తాలుండవు. వీడియో తీసేవాడికీ వంట చేసేవాడికీ ఒకేసారి పని పోతుంది. అలాంటి ఒక మూఢంలో, ఖాళీగా పడున్న పెళ్ళి కెమెరా పట్టుకెళ్ళి కొల్లేటి గట్టు మీద దయ్యం సినిమా మొదలుపెట్టాడు. అన్నీ దొరికాయిగానీ శవం దొరకలేదు. పాడె మీద పడుకోమంటే అందరూ దణ్ణం పెట్టి తప్పుకున్నారు.

"నేను పడుకుంటానండీ," అన్నాడు షూటింగు చూడ్డానికొచ్చిన తాతాజీ.

"ఇంట్లో చెప్పారా?"

"చెబితే పడుకోనిస్తారేంటండీ?"

ముక్కులో దూది పెట్టారు. ఊళ్ళో పాడెలు కట్టేవాణ్ణే పిలిచి కట్టించారు. గుర్రపు డెక్క నిండిన కాలవ పక్కన, ఎండలో, అతని పగిలిన పాదాలు ఊగుతూ సాగిపోయాయి. అతను నటించలేదు. ఏళ్ళతరబడి పొయ్యి దగ్గర నిలబడి అలిసిన మనిషి కళ్ళు మూసుకున్నాడు, అంతే.

షాటు అయ్యాక కూడా భానుప్రకాష్ కెమెరా ఆపలేదు. శవంగా పడుకున్నవాడు చివర్లో కెమెరా వైపు చూసి నవ్వాలి. అలా తీస్తేనే దోషం పోతుందని సినిమావాళ్ళ నమ్మకం. ఆ ముక్క సినిమాలో వాడరు. తాతాజీ లేచి కూర్చుని, దూది తీయకుండానే, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

మూఢం వెళ్ళింది. సినిమా యూట్యూబులోకి వచ్చింది. కూతురి పెళ్ళికి వంట మాట్లాడుకున్న రైతు అచ్యుతరావు పొద్దున్నే తాతాజీ ఇంటికొచ్చాడు.

"ఏమనుకోకండి తాతాజీ గారూ. మీ చేతి బూరెలకి వంక పెట్టేవాళ్ళెవరండీ? కానీ మా ఆవిడ ఫోన్లో చూసేసిందండీ."

"అది సినిమా అండీ."

"నాకు తెలుసండీ. రేపు వియ్యపురాలు మిమ్మల్ని చూసి ఏదైనా అంటే?"

"నేను పందిరి వెనకే ఉంటానండీ. ముందుకి రాను."

"వండింది ముందుకే వస్తుంది కదండీ," అన్నాడు అచ్యుతరావు మెల్లగా.

మా వైపు మర్యాద ఇది. నోటి దగ్గర కూడు తీసేటప్పుడు కూడా 'అండీ' అంటారు.

తర్వాత దెందులూరు పెళ్ళి పోయింది. ఆ తర్వాత ఒక గృహప్రవేశం పోయింది. భార్య వీరదుర్గ నెత్తి కొట్టుకుంది. "మీ సరదా పాడుగానూ! బతికుండగా ముక్కులో దూది పెట్టించుకున్న మనిషి చేత పెళ్ళి పప్పు ఎవరు వండించుకుంటారండీ?"

తాతాజీ తాడేపల్లిగూడెం బస్సెక్కాడు.

"ఆ షాట్లు తీసేయండి బాబూ. పిలుపులు రావట్లేదు."

"మీరు లేకపోతే అందులో ఏముందండీ?" అన్నాడు భానుప్రకాష్. "దయ్యం వేషం వేసినమ్మాయిని చూసి ఎవడూ జడవలేదు. మిమ్మల్ని చూసే జడిశారు. కింద ఏం రాశారో చూడండి. 'అది నిజం శవమా? ఎవరాయన?' అంటున్నారు."

తాతాజీ ఆ కామెంట్లు ఒక్కొక్కటే చదివాడు. వచ్చిన పని కాసేపు మర్చిపోయాడు. ఇన్నేళ్ళుగా ఊళ్ళకి ఊళ్ళకే వండి పెట్టాడు. అతనెవరని ఇంతమంది అడగడం ఇదే మొదటిసారి.

"పోనీ, నా నవ్వు కూడా పెట్టండి. చివర్లో పెట్టండి. లేచి కూర్చున్నాను కదా, దోషం పోయిందని పెళ్ళివాళ్ళకి తెలుస్తుంది," అన్నాడు.

భానుప్రకాష్ అడిగినట్టే చేశాడు. పాత సినిమా తీసేసి కొత్తగా ఎక్కించాడు. నవ్వు చివర్లోనే పెట్టాడు. అయితే సినిమా చివర్లో ఉన్నది చితి. మంటలు ఆరాయి, బూడిద మిగిలింది. వెంటనే తాతాజీ లేచి కూర్చుని, ముక్కులో దూదితో నవ్వాడు.

ఏలూరు నుంచి కైకలూరు దాకా ఆ నవ్వు ఫోన్లలో తిరిగింది. సినిమా వదిలేసి ఆ ముక్కొక్కటే పంపుకున్నారు. అన్నం తినని పిల్లలకి తల్లులు అదే చూపించారు. పెళ్ళివాళ్ళు తాతాజీ ఫోనెత్తడం మానేశారు.

చాలా రోజులకి పెంటపాడు నుంచి పిలుపొచ్చింది. "మా నాన్నగారి పెద్దకర్మండీ. మీరైతే మాకేం ఇబ్బంది లేదు."

తాతాజీ వెళ్ళి గారెలు వేశాడు. ఆ ఇంట్లో అతన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. గుర్తుపట్టిన పెద్దకొడుకు "మీరా అండీ" అని, వడ్డనలకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ అలాంటి పిలుపులే. పెద్దకర్మలు, సంవత్సరీకాలు. బూరెల మూకుడు అటకెక్కింది.

ఆ సినిమాలు ఇంకా చూస్తున్నావా అని ఎవరో అడిగారు. "చూస్తానండీ," అన్నాడు. "అందులో చచ్చినవాడు తిరిగొస్తే కనీసం నలుగురు పట్టించుకుంటారు."

చావింటి నుంచి బయల్దేరేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనకూడదు. గరిటెలు కడిగి సంచిలో వేసుకుని, మాట లేకుండా వచ్చేయాలి. అది తాతాజీకి అలవాటైపోయింది. మొన్న పొద్దున్న సొంత ఇంట్లోంచి కూడా అలాగే బయల్దేరాడు. వీరదుర్గ గుమ్మంలోంచి కేకేసింది.

"ఏవండీ! చెప్పి వెళ్ళండి."

తాతాజీ వీధిలో ఆగాడు. ఏదో అనబోయాడు. ఈలోగా షేర్ ఆటో వచ్చింది. ఏమీ అనకుండానే ఎక్కేశాడు.