కోటు విప్పేసిన తేనెపిట్ట

న్యగుథీ క్యాబేజీ మడిలో కలుపు తీస్తూ పిట్టల్ని నేర్చుకున్న మనిషి. కినంగోప్ పీఠభూమి చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, కంచె వెంట పూసిన నారింజ పూల మీద ఏ తేనెపిట్ట వాలిందో తలెత్తకుండానే చెప్పేస్తుంది. పిట్టల్ని చూడవచ్చేవాళ్ళను తిప్పే గైడు బిళ్ళ మాత్రం ఇంకా చేతికి రాలేదు. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడుసార్లకు మించి రానివ్వరు. ఈసారీ తప్పితే జన్మంతా క్యాబేజీలే.

ఆ పొద్దున భర్త మురింగి గంబూట్లలో నిలబడి ఆవుకు మేత వేస్తున్నాడు.

"వెళ్ళిరావే. తప్పితే తప్పావులే, ఆవేమీ వెక్కిరించదు."

"నీ నోట మంచిమాట రాదు కదా."

పెళ్ళికి ముందు ఆర్నెల్లు ఆకుపచ్చ కోటు, ఆకుపచ్చ మఫ్లరు వేసుకుని తన ఇంటి చుట్టూ తిరిగింది ఈ మనిషేనంటే ఆవిడకే నమ్మబుద్ధి కాదు. పెళ్ళయింది, కోటు పెట్టెలోకి పోయింది.

పరీక్షలో జవాబు పైకి చెప్పకూడదు, పరీక్షకుడు గిచోవి చెవిలో చెప్పాలి. పరీక్ష జరిగే తోటలో పూలమీద గోధుమరంగు పిట్ట ఒకటి వాలింది. వరసలో ముందున్న ఐదుగురూ ఆయన చెవిలో ఊదారు. అందరికీ ఆయన తలూపాడు.

"పచ్చ తేనెపిట్ట. మగది" అంది న్యగుథీ ఆయన చెవిలో.

"మగదైతే ఆకుపచ్చగా మెరవాలి, ఆ పచ్చదనం ఎక్కడుందమ్మా? ఆడదని నేనే రాసుకున్నాను. మళ్ళీ ఆలోచించుకో."

సరేనంటే బిళ్ళ వచ్చేస్తుంది. కానీ కళ్ళతో చూసినదాన్ని కాదనడం ఆవిడకు చేతకాదు.

"ఆలోచించే చెప్పాను మాస్టారూ. గూళ్ళు కట్టే కాలం అయిపోయింది. ఇంకెవర్ని మురిపించాలని? సింగారం విప్పేసింది. మా ఆయనా అంతే."

"మీ ఆయన పరీక్షలో లేడు."

"అది ఇటు తిరిగేదాకా ఆగండి. భుజం చూడండి."

పిట్ట తీరుబడిగా తేనె తాగింది. చివరికి ఇటు తిరిగింది. ఎండ పడి భుజం మీద నాలుగు పచ్చటి ఈకలు తళుక్కుమన్నాయి.

గిచోవి దుర్భిణిలో చాలాసేపు చూసి, తన కాగితం మీది మాట తనే కొట్టేశాడు. తర్వాత పకపకా నవ్వి, ఆవిడ కోటుకు బిళ్ళ తగిలించాడు.

సంతోషం పట్టలేక న్యగుథీ పరుగులాంటి నడకతో తోట గేటు దాటింది. అక్కడ మురింగి టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవే గంబూట్లు, అదే చిరిగిన స్వెట్టరు. భుజం మీద మాత్రం ఆ పాత ఆకుపచ్చ మఫ్లరు.

"ఎప్పుడొచ్చావు?"

"నీ వెనకే వచ్చాను. నువ్వు వెనక్కి చూస్తేగా."