తూటాలు ఏరిన మధ్యాహ్నం

మొన్న ఎన్నికల ముందు, పోగొట్టుకున్న సెల్‌ఫోను గురించి ఫిర్యాదు ఇవ్వడానికి, తమిళనాడులో మా ధర్మపురి పోలీసు స్టేషనుకు వెళ్ళాను. లైసెన్సు తుపాకులు అప్పగించే రోజులవి. నల్లంపల్లి రైతు ఒకాయన పాత పంచెలో చుట్టిన తుపాకి విప్పి, తూటాలు బల్లమీద పరిచాడు. పోలీసాయన ఒక్కొక్కటే ఎత్తి, అడుగునున్న గుర్తులు చదువుతున్నాడు. నేను ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

మా పెదనాయన గుర్తొచ్చారు. తరతరాలుగా పప్పూ బెల్లమూ అమ్ముకునే మా ఇంట్లో సైన్యంలో చేరిన మనిషి ఆయనొక్కరే. తిరిగొచ్చాక కొట్లో కూర్చోబెడితే, రెండో రోజుకే బేరానికి వచ్చినవాళ్ళను వరసలో నిలబడమన్నారట. మా నాన్న దండం పెట్టి తొప్పూరు దగ్గరి చేనికి పంపేశారు. అక్కడ కర్రపెండలానికి అడవిపందుల బెడద. గాలిలోకి పేల్చి తరమడానికి లైసెన్సు తీసుకుని, ఒక పాత మిలిటరీ రైఫిల్ ఉంచుకున్నారు. దానికి తూటాలు దొరకడమే కష్టం. చివరికి మూతపడబోతున్న ఒక తుపాకుల కొట్టులో మిగిలిపోయిన పాత సైనిక సరుకు, ఏయే ఏళ్ళవో అన్నీ కలిసిపోయి, ఒక డబ్బాడు దొరికింది.

ఆ మధ్యాహ్నం వరండాలో దుప్పటి పరిచి డబ్బా బోర్లించారు. నాకప్పటికి ముప్పై దాటాయి. ఆయన కళ్ళకు శుక్లాలు మొదలయ్యాయి. భూతద్దం నా చేతికిచ్చారు.

"అడుగున అచ్చు చదవరా. ఏ రకం, ఏ ఏడు, అంతా అందులోనే ఉంటాది. మన తుపాకి రకమైతే తిప్పి తిప్పి చూడు. చిలుము పట్టినా, అడుగు దగ్గర వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టు. నేను వేళ్ళతో తడుముతాను గానీ, చూసేది నువ్వే."

ఇత్తడి వాసనా, నూనెగుడ్డ వాసనా మొదట్లో బాగానే ఉన్నాయి. గంట గడిచేసరికి విసుగొచ్చింది. బొమ్మిడి స్టేషన్లో దిగిన స్నేహితుడు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. చివరి రెండు గుప్పెళ్ళు భూతద్దం కిందికి రానేలేదు.

"అన్నీ బాగుండాయి పెదనాయనా" అని మంచివాటిలో పోసేసి, బండి తీశాను.

మూడోనాడు తెల్లవారుతుండగా పందులు వచ్చాయి. ఆయన పేల్చిన తూటా తుపాకిలోనే చీలి, మంటా ఇత్తడి రజనూ వెనక్కి ఎగజిమ్మాయి. కుడికన్ను పోయింది.

ఆసుపత్రిలో కట్టుతో పడుకున్న మనిషి నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. "దిగులు పడొద్దురా. నువ్వు బాగానే చూసినావు. నా వేళ్ళే మొద్దుబారిపోయినాయి, కనుక్కోలేకపోతిని" అన్నారు. నిజం గొంతుదాకా వచ్చింది. పక్కన పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. "మాత్రలు వేసుకున్నారా?" అని అడిగాను. అదే నా నోట వచ్చిన మాట.

నెల తిరక్కుండా తుపాకీ, లైసెన్సూ అప్పగించేశారు. నేనే బండిమీద తీసుకెళ్ళాను. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందని స్టేషన్లో తమిళంలో చెప్పి నవ్వారు. తిరిగి వస్తూ నాకు టీ ఇప్పించారు. ఆ టీ తాగాను కూడా.

ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్ళు బతికారు. ప్రతి ఆదివారం వెళ్ళి పేపరు చదివి వినిపించేవాణ్ణి. నేను మంచి మనిషినని ఊళ్ళో అందరితో చెప్పుకునేవారు. ఈ వారం వద్దు, పై వారం చెబుదాం అనుకుంటూ చదువుతూ పోయాను. తొమ్మిదేళ్ళ ఆదివారాలు నా చేతిలో ఉండి కూడా, ఒక్క మాటకు సరిపడా కాలం నాకు దొరకలేదు.