ఇనుము తగలని ఆకు

అత్తకున్న జబ్బు ఒక్కటే, అసూయ. గూడెంలో అందరి రోగాలకూ అడవిలోంచి ఆకు తెచ్చిచ్చిన మనిషికి, ఈ ఒక్కదానికి మాత్రం మందు దొరకలేదు. ఆవిడ పోయాక కూడా కోడలు ఆ మాట తలుచుకుని నవ్వుకుంటూనే ఉంటుంది.

అసూయంతా ఎదురింట్లో ఉండే తన తోడికోడలు, చిన్నత్త మీదే. ఆవిడా ఆకుమందు ఇచ్చేది. చిన్నత్త మందుతో ఎవరికి దగ్గు తగ్గినా అత్తకు నిద్ర పట్టేది కాదు. ఆ తగ్గినవాళ్ల గుమ్మం దాకా వెళ్లి మరీ పలకరించేది.

“తగ్గిందా?”

“తగ్గింది, పెద్దమ్మా.”

“నా ఆకైతే ఈపాటికి లేచి పరిగెత్తేవాడివి.”

ఒకసారి బాలింతతోనూ అదే మాట అంది.

“బాలింతకు పరుగెందుకత్తా?” అంది కోడలు.

“పరిగెత్తమన్నానా? పరిగెత్తగలిగేదన్నాను.”

ఆకు కోయడంలోనూ పేచీయే. చిన్నత్త కొడవలితో కోసేది. అత్త చిగురు వదిలేసి, బొటనవేలి గోటితో గిల్లేది. “ఇనుము తగిలితే ఆకు అలుగుతుందే. అలిగిన ఆకు పనేం చేస్తుంది, నీలాగే” అనేది కోడలితో.

ఇంతలో చిన్నత్తకు చూపు మందగించింది. ఒకనాడు వావిలాకనుకుని బుట్టెడు పిచ్చిమొక్క కోసుకొచ్చింది. దారిలో అత్త ఆ బుట్టలోకి తొంగిచూసింది. ఇక ఊరంతా చాటుతుందనుకుంది కోడలు. అత్త నోరు విప్పలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కోడలు ఆవిడ నుదురు పట్టుకుని చూసింది.

చిన్నత్త కునుకు తీస్తుండగా అత్త వెళ్లి బుట్టలో ఆకు మార్చి వచ్చింది.

“ఎవరితోనైనా అన్నావో, నెల్లాళ్లు నీకు వేపకషాయమే.”

అప్పటినుంచీ అదే వరస. చిన్నత్త ఏం కోసుకొచ్చినా, రోగికి చేరేది అత్త గిల్లిన ఆకే.

చిక్కల్లా, చిన్నత్తకు పేరు ఇంకా పెరిగిపోయింది. కాలు బెణికిన బండివాడు ఒకరోజు వీధి మధ్య నిలబడి, “పెద్దమ్మా, చిన్నమ్మ కట్టిన కట్టు మహిమ చూడు” అంటూ ఆ చివరిదాకా పరిగెత్తి వచ్చాడు.

అత్త ముఖం కందగడ్డలా అయింది. “నా ఆకైతే...” అని, మిగతా మాట మింగడానికి గుంజ పట్టుకోవాల్సొచ్చింది. తన ఆకు మీద తానే కుళ్లుకునే మనిషిని కోడలు అప్పుడే చూసింది.

ఎదుటి అరుగు మీద చిన్నత్త ఒక కాడ చివర వేళ్లతో తడుముతోంది. అది కొడవలి కోత కాదు, గోటి గిల్లు.

“నా ఆకైతే ఇంకో రెండు రోజులు పట్టేది నాయనా. ఇది ఇనుము తగలని ఆకు” అందావిడ తాపీగా.

అత్త చివాలున లోపలికొచ్చి తలుపేసుకుంది.

“దానికెప్పుడో తెలుసన్నమాట” అంది కోడలితో, ఉడికిపోతూ. “చూశావా, దాచడంలో కూడా నన్ను మించిపోయింది.”